బక్రీదు పొట్టేళ్ళ చెక్కు

మా వ్యాపారంలో చెక్కు బ్యాంకుకు పోయే కాగితం కాదు. ఈ మాట చెబితే బ్యాంకు వాళ్ళు నవ్వుతారు, వకీళ్ళు తల పట్టుకుంటారు. కానీ మార్కాపురం నుంచి గిద్దలూరు దాకా పొట్టేళ్ళ బేరం చేసేవాళ్ళను ఎవరినైనా అడిగి చూడండి. బక్రీదుకు ముందు పొట్టేళ్ళను బండికెత్తేటప్పుడు మందవాడి చేతిలో చెక్కు పెడతాం. పండగ అయ్యాక నోట్లు తీసుకుపోయి ఇచ్చి, ఆ చెక్కు వెనక్కి తీసుకుని, ఆయన కళ్ళముందే చింపి పారేస్తాం. ఒకసారి మా నాయన చింపిన చెక్కును అక్కడే ఉన్న మేక నమిలేస్తే దొడ్డి దొడ్డంతా నవ్వింది. చెప్పకుండా దాన్ని బ్యాంకులో వేయడమంటే మాత్రం చెంప మీద కొట్టినట్టే. అట్లా వేసిన మందవాడి గడప మళ్ళీ ఏ బేరగాడూ తొక్కడు.

ఆ ఏడు బక్రీదు జూన్ మొదట్లో వచ్చింది. ఏప్రిల్ ఎండల్లో మా నాయన షేక్ జిలానీ, నేనూ బొలేరో వేసుకుని బేస్తవారిపేట అవతల ఉన్న పల్లెకు పోయాం. ఆయన్ను ఇంట్లో అబ్బా అంటాను, బయట నాయన అంటాను. మా వీధిలో అందరిళ్ళలోనూ ఇంతే. ఆ పల్లెలో వెంకటస్వామి పెదనాయన దొడ్డి మాకు పాతది. నాకు మీసం రాకముందు నుంచీ మా నాయన ఆయన దగ్గరే పొట్టేళ్ళు కొంటున్నాడు. వాళ్ళిద్దరూ ఒకరినొకరు నమ్మిన తీరు చూస్తే మాకు అప్పుడప్పుడు ఒళ్ళు మండేది కూడా. ధర దగ్గర మా నాయన గట్టిగా మాట్లాడేవాడు కాదు, ఆయనా అడిగేవాడు కాదు. వాళ్ళిద్దరి బదులు కొండమ్మ పెద్దమ్మే బేరమాడేది. ఆమె పెదనాయన భార్య.

ఆ రోజు పెద్దమ్మ దొడ్డి తడిక దగ్గరే అడ్డం నిలబడింది.

“జిలానీ, ఈ తూరి ఒకటీ అరా గాదు, మందలో ఉండే పొట్టేళ్ళన్నీ ఎత్తుకపోతాండావు. రేపు ఏమన్నా అయితే మా గతేంది?”

మా నాయన చెక్కు రాసి, దాన్ని ఆమె ముందు పట్టుకున్నాడు. “వదినా, ఇది ప్రామిసరీ నోటు గాదు. నోటయితే కోర్టు సుట్టూ నువ్వు తిరగాల. చెక్కయితే నేను తిరగాల. ఇది చెల్లలేదనుకో, నన్ను జైల్లో యేస్తారు. నా మెడకాయ తీసి నీ చేతిలో పెడ్తాండా, ఇంకేం గావాల?”

“నీ మెడకాయ మేమేం జేసుకుంటాం నాయనా, కూర వండుకోవాల్నా? మా డబ్బులు మాకియ్యి సాలు.”

పెదనాయన పగలబడి నవ్వి, ఆ చెక్కును మడిచి తలగుడ్డలో దోపుకున్నాడు. మూడున్నర లక్షల చెక్కు. జూన్ నెలాఖరు తేదీ. పొట్టేళ్ళను బండికెత్తుతుంటే పెద్దమ్మ ఒక్కొక్కదాని వీపు తడిమి పంపింది.

హైదరాబాదులో అమ్మకానికి మేం దిగిన మైదానంలో పండగకు వారం ముందు వాన పట్టుకుంది. చినుకులు కాదు, రోజంతా కురిసింది. పైన కప్పిన పట్టాలు గాలికి లేచిపోయాయి. పొట్టేళ్ళు బురదలో తడిసి దగ్గడం మొదలుపెట్టాయి. ఖుర్బానీకి కొనేవాడు జంతువును ఎంత పట్టిపట్టి చూస్తాడో మాకు తెలుసు. ముక్కు కారుతుంటే చాలు, పక్క గుంపుకు పోతాడు. మా నాయన గోనెపట్టా తీసుకుని ఒక్కొక్క పొట్టేలునూ తుడుస్తూ కూర్చునేవాడు. తుడిచింది తుడిచినట్టే తడిసిపోయేది. పండగ ముందురోజు సాయంత్రం ఎవరు ఎంతిస్తే అంతకు ఇచ్చేశాం. మేతకు, స్థలం బాడుగకు, డీజిలుకు పోగా మిగిలింది చూస్తే వెంకటస్వామి పెదనాయనకు ఇవ్వాల్సినదాంట్లో సగం కూడా లేదు. అది కూడా వచ్చీరాగానే బండి ఫైనాన్సు వాడు పట్టుకుపోయాడు.

మార్కాపురం తిరిగొచ్చాక మా నాయన పెదనాయనకు ఫోను చేశాడు. నేను పక్కనే ఉన్నాను.

“అన్నా, చెక్కు తేదీ దగ్గర పడ్తాంది...”

“పడితే పడనీలే. నువ్వు చెప్పిందాంక నేను బ్యాంకు మొగం సూడను. ముందు నీ ఒళ్ళు సూసుకో. గొంతేంది అట్ల ఉంది?”

ఫోను పెట్టేసి మా నాయన చాలాసేపు తువ్వాలుతో ముఖం తుడుచుకుంటూనే ఉన్నాడు. పెదనాయన తిట్టి ఉంటే మా నాయన బతికేవాడేమో అని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. తిట్టకపోయేసరికి ఆ బరువంతా గుండె మీద పెట్టుకున్నాడు. అప్పు కోసం కంభం, కురిచేడు, చంద్రశేఖరపురం అన్నీ తిరిగాడు. జూలైలో ఒకరోజు నమాజు చేసుకుని వచ్చి, టీ అంగడి బల్ల మీద కూర్చుని, అట్లాగే పక్కకు ఒరిగిపోయాడు. ఆసుపత్రి గేటు దాటేసరికే అంతా అయిపోయింది.

మాలో ఒక ఆచారం ఉంది. జనాజా నమాజుకు ముందు చనిపోయినవాడి కొడుకు నలుగురిలో నిలబడి, ఆయన ఎవరికైనా బాకీ ఉంటే తనను అడగమని చెప్పాలి. అందరూ చెప్పే మాటే అది. ఆ సమయంలో ముందుకొచ్చి ఇంత రావాలని అడిగినవాణ్ణి నేనెప్పుడూ చూడలేదు. ఇమాం సాబు నా భుజం తట్టగానే నేను మా ఉర్దూ మాటలో చెప్పాను. చెప్పి తలెత్తేసరికి ఖబరస్తాను గోడ అవతల వెంకటస్వామి పెదనాయన కనిపించాడు. తలగుడ్డ తీసి చేతిలో పట్టుకుని, ఆ నలభై యాభై మందిలో ఏం జరుగుతున్నదో అర్థం కాక నిలబడి ఉన్నాడు. ఏమనిపించిందో ఏమో, నేను అదే మాట మళ్ళీ తెలుగులో చెప్పాను.

“మా నాయన ఎవురికన్నా బాకీ పడి ఉంటే, ఈ పొద్దు నుంచి ఆ బాకీ నాది. మాఫ్ చేసేటోళ్ళు చేయండి. లేదంటే నా దగ్గరికి రాండి.”

పెదనాయన తల దించుకున్నాడు. మట్టి వేసేదాకా ఉండి వెళ్ళిపోయాడు. కొండమ్మ పెద్దమ్మ మాత్రం రాలేదు. ఆమె రాకపోవడం నాకు కష్టంగానే అనిపించింది.

ఇంటికి రాగానే మా బావ జమీర్ నన్ను పక్కకు లాగాడు. మా అక్క షిఫా మొగుడు. సెల్ ఫోన్ల దుకాణం. చెడ్డవాడు కాడు, కాకపోతే ప్రతిదానికీ ముందు వెనుకలు ఆలోచించే రకం.

“మన మాటలో చెప్పినావు, సరే. తెలుగులో ఎందుకు చెప్పినావురా? నిన్నెవరు అడిగినారు?”

వారం తిరక్కముందే జమీర్ నన్ను ఆనంద్ బాబు అనే వకీలు దగ్గరికి తీసుకుపోయాడు. ఆయన మేం చెప్పింది మొత్తం విని, కుర్చీ వెనక్కి వాల్చాడు.

“చెక్కు మీద సంతకం ఎవరిది?”

“మా నాయనది సార్.”

“అయితే నువ్వు నిశ్చింతగా నిద్రపో. చెక్కు కేసు సంతకం పెట్టిన మనిషి మీదే నడుస్తాది. ఆ మనిషే లేనప్పుడు కేసు లేదు. కొడుకును, భార్యను జైల్లో వేసే చట్టం లేదు. సివిల్ దావా వేసుకోవచ్చు, కానీ మీ నాయన వదిలిపోయిన ఆస్తి ఎంతుంటే అంతవరకే. ఆయన పేరు మీద ఏముంది?”

ఏమీ లేదు. ఇల్లు మా అమ్మకు పుట్టింటివాళ్ళు ఇచ్చింది. బండి నా పేరు మీద ఉంది, అది కూడా సగం ఫైనాన్సుదే.

“ఇంకేం మరి. బ్యాంకులో డెత్ సర్టిఫికెట్ ఇచ్చెయ్, ఖాతా ఆపేస్తారు. ఒక్క జాగ్రత్త. వాళ్ళొచ్చి ఏడ్చినా మొత్తుకున్నా కొత్త కాగితం మీద నువ్వు సంతకం పెట్టొద్దు. పెట్టిన క్షణం ఆ బాకీ నీది. చెల్లకపోతే రెండేళ్ళ దాకా జైలు, చెక్కులో రాసినదానికి రెట్టింపు దాకా జరిమానా. ఇప్పుడున్న తెరిపి నీకు అప్పుడుండదు.”

“శ్మశానంలో అందరి ముందర చెప్పినాడు సార్, బాకీ నాదేనని,” అన్నాడు జమీర్.

“చెప్పినాడు కదా, రాయలేదు కదా,” అని వకీలు నవ్వాడు.

నిజం చెప్పొద్దూ, బయటికొచ్చాక నాకు ఒళ్ళు తేలికైంది. చాలా రోజుల తర్వాత ఆకలేసింది. జమీర్ బిర్యానీ తినిపించాడు, తిన్నాను. ఆ మధ్యాహ్నమే బ్యాంకుకు పోయి సర్టిఫికెట్ ఇచ్చి, చూపించిన చోట సంతకం చేసి వచ్చాను. చిటికెలో అయిపోయింది పని. మా అమ్మకు చెప్పలేదు.

మా అమ్మ ఖాతూన్బీ అప్పుడు ఇద్దత్‌లో ఉంది. మొగుడు పోయిన ఆడమనిషి నాలుగు నెలల పది రోజులు గడప దాటకూడదు, పరాయి మగవాళ్ళ కంట పడకూడదు. పరదా వేసిన గదిలోనే నమాజు, తిండి, పడక. పరామర్శకు వచ్చే ఆడవాళ్ళంతా ఆ గదిలోకే పోయేవాళ్ళు. మా అమ్మ ఒక్కొక్కరితోనూ ఆ బాకీ గురించి ఒకటే మాట.

“కర్జా తీరందే రూహ్‌కు నెమ్మది ఉండదంట కదా. ఆత్మ మధ్యలోనే ఆగి ఉంటదంట. మా ఆయన అట్లనే ఆగి ఉన్నాడేమో.”

వింటుంటే నాకు కోపం వచ్చేది. కోపం కాదు, భయం. పొద్దున్నే టీ తీసుకుపోతే ఆమె కళ్ళు చూడలేకపోయేవాణ్ణి. “వెంకటస్వామి దగ్గరికి పోయినావా?” అని అడిగేది. “పోతాలే అమ్మీ” అనేవాణ్ణి. ఆ ‘పోతాలే’తో ఒక నెల గడిపాను. పెదనాయన ఒక్క ఫోనైనా చేయలేదు. అడిగి ఉంటే వకీలు చెప్పిన మాటలు చెప్పేసేవాణ్ణేమో. అడగని మనిషికి ఏమని చెప్పేది?

ఆగస్టులో ఒక మధ్యాహ్నం కొండమ్మ పెద్దమ్మ వచ్చింది. ఒక్కతే వచ్చింది. ఉక్కగా ఉంది, బస్సు దిగి నడిచి వచ్చిందేమో చీర చెమటకు తడిసిపోయి ఉంది. జమీర్ అప్పుడే మా అక్కను దింపడానికి వచ్చి ముందు గదిలో అన్నం తింటున్నాడు. పెద్దమ్మ నా వైపు చూడను కూడా చూడలేదు. “మీ అమ్మ యాడుంది?” అని మాత్రం అడిగి, చెప్పులు విడిచి పరదా తోసుకుని లోపలికి పోయింది. నేను పరదా ఇవతల నిలబడిపోయాను.

లోపల మంచినీళ్ళ గ్లాసు చప్పుడైంది. తర్వాత పెద్దమ్మ గొంతు.

“చెల్లే, ఈ మాట అడగడానికి రాగూడదని ఇన్ని దినాలు పళ్ళు బిగబట్టుకోనుంటి. మా ఆయనను అడిగితే, సావు జరిగిన ఇంటికి పోయి యట్ల అడుగుతా అంటాడు. పిల్లోడు శ్మశానంలో చెప్పినాడులే, వాడే వస్తాడు అంటాడు. ఎప్పుడొస్తాడు చెల్లే? ఇప్పుడు గొర్రెపిల్లలు కొని మందలో కలుపుకుంటేనే కదా వచ్చే బక్రీదుకు పొట్టేళ్ళు ఐతాయి. దొడ్డి బోసిగా ఉంది. కూలికి పోతాండం ఇద్దరం. ఈ వయసులో.”

మా అమ్మ ఏదో అనబోయింది. పెద్దమ్మ ఆగలేదు.

“మా ఆయనకు తెలీకుండ నిన్న పెట్టెలోనుంచి చెక్కు తీసుకోని బ్యాంకుకు పోతి. అట్ల పోగూడదని నాకూ తెల్సు. ఖాతాదారుడు లేడమ్మా, సచ్చిపోయినాడని రాసిచ్చినారు అన్నారు. ఎవురు రాసిచ్చినారయ్యా అంటి. కొడుకే అన్నారు.”

జమీర్ ముద్ద నోట్లో పెట్టుకోబోయినవాడు ఆగిపోయాడు. భూమి చీలి లోపలికి తీసుకుపోతే బాగుండుననిపించింది, అంత సిగ్గేసింది.

“జిలానీ నా చేతిలో మెడకాయ పెడ్తాండా అన్నాడు చెల్లే,” అంది పెద్దమ్మ. ఆమె గొంతులో ఇప్పుడు కోపం లేదు. “ఆ మెడకాయ మట్టిలో పెట్టినారు. ఇంక నా చేతిలో ఏముంది?”

“ఫయాజ్,” అని పిలిచింది మా అమ్మ.

పరదా తీసి లోపలికి పోయాను. మా అమ్మ తెల్లచీరలో గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. నా ముఖం చూసి మెల్లగా అడిగింది. “నీకు చెక్కుల పుస్తకం ఉంది కదా?”

“ఉంది అమ్మీ.”

“తీసుకొనిరా పో.”

బయట బీరువా తలుపు తీస్తుంటే జమీర్ ఎంగిలి చెయ్యి అట్లాగే పట్టుకుని నా వెనకాలే వచ్చాడు. “దస్తఖత్ మత్ కర్ రే ఫయాజ్, సంతకం పెట్టొద్దు,” అన్నాడు నెమ్మదిగా. “వకీలు చెప్పింది మర్చిపోయినావా? నాయన బాకీ నాయనతో పోయింది. నువ్వు రాస్తే రేపు జైలుకు పోయేది నువ్వు. అప్పుడు మీ అమ్మీని ఎవరు చూసుకుంటారు?”

ఆయన అన్నదాంట్లో తప్పు ఒక్కటీ లేదు. నా ఖాతాలో ఎంత ఉందో నాకు తెలుసు. ఎక్కడినుంచి తెస్తానో తెలియదు. బండికి కిరాయిలు దొరికితే, రంజాన్‌కు ముందు బేరం కుదిరితే, వాన పట్టుకోకపోతే... ఇన్ని ‘అయితే’ల మీద మనిషి సంతకం పెట్టకూడదు. ఇది వకీలు చెప్పక్కర్లేదు, నాకే తెలుసు. చివరికి పుస్తకం తీసుకుని లోపలికి పోయి, పెద్దమ్మ ఎదురుగా చాప మీద కూర్చున్నాను.

“రెండు రాస్తా పెద్దమ్మా. ఒకటి దీపావళి దాటినాక, ఒకటి రంజాన్ నెల పడకముందు. పెదనాయన పేరు మీద రాయాల్నా?”

“వద్దొద్దు. ఆయన పేరు మీద రాస్తే మళ్ళా పెట్టెలో దాచిపెడ్తాడు. నా పేరు మీద రాయి.”

మా అమ్మకు నవ్వొచ్చి ఏడుపులో కలిసిపోయింది. నేను రాశాను. సంతకం దగ్గర పెన్ను ఆగింది, ఆ మాట దాచను. తర్వాత పెట్టాను. పెద్దమ్మ రెండు చెక్కులూ తీసుకుని, తిరగేసి చూసి, మళ్ళీ నా చేతికిచ్చింది.

“చదువు.”

చదివాను. ఆమె పేరు, మొత్తం, తేదీ.

“కింద?”

“కింద నా పేరు పెద్దమ్మా. షేక్ ఫయాజ్.”

“జిలానీ కొడుకని రాయలేదే?”

“అట్ల రాయరు.”

“సరేలే,” అంది. “సూడు నాయనా, ఇప్పుడే చెప్తాండా. చెప్పిన తేదీకి నేను పోయి బ్యాంకులో యేస్తా. మీ పెదనాయన లెక్క ఆగను. నీ మీద కోపంతో గాదు. నాకు జరుగుబాటు లేదు, అందుకు.”

“వెయ్యి పెద్దమ్మా.”

ఆమె మా నాయన చెక్కును కొంగులోంచి తీసి మా అమ్మ చేతిలో పెట్టింది. మా అమ్మ దాన్ని చింపమని నాకివ్వలేదు. నిదానంగా నాలుగు ముక్కలు తనే చేసి, ఆ ముక్కలను గుప్పిట్లోనే ఉంచుకుంది. అన్నం తిని పొమ్మంటే పెద్దమ్మ ఉండలేదు. పొద్దుగూకేలోగా ఇల్లు చేరాలంది. బస్టాండులో దింపుతానని నేను బొలేరో తీశాను. మా నాయన పోయాక ఆ ముందు సీట్లో ఎవరినీ కూర్చోనివ్వలేదు నేను, షిఫాను కూడా. పెద్దమ్మ నన్నడక్కుండానే ఎక్కి కూర్చుంది.

గడియార స్తంభం దాటాం. తర్వాత ఆమె చీర కొంగు ముడి విప్పి చెక్కులున్నాయా లేవా అని ఒకసారి చూసుకుని, మళ్ళీ ముడేసింది.

“ఆ పొద్దు నేను సావుకు రాలేదని మీ అమ్మ ఏమన్నా అనుకునిందా?”

“ఎందుకు రాలేదు పెద్దమ్మా?”

“యట్ల వస్తా నాయనా? నేనొచ్చి పీనుగు మీద పడి ఏడిస్తే, డబ్బు కోసం ఏడుస్తాంది అనుకోరా సూసేవోళ్ళు? నాకే అనిపిస్తాది గదా, నేను జిలానీ కోసం ఏడుస్తాండనా, నా పొట్టేళ్ళ కోసం ఏడుస్తాండనా అని. అందుకే రాలేదు. ఇన్ని దినాలూ ఏడ్వలేదు. కన్నీళ్ళే రాలేదు.”

ముందున్న డాష్‌బోర్డు మీద చెయ్యి పెట్టి, తల వాల్చి, “ఓ జిలానీ... ఓ నా మరిదో...” అని ఒక్కసారిగా ఎత్తుకుంది. వాళ్ళ పల్లెలో చావు ఇంట్లో ఏడ్చినట్టు, పేరు పెట్టి, వరస పెట్టి, ఆయన వచ్చిన ఎండలూ తిన్న కూడూ అన్నీ చెప్పుకుంటూ ఏడ్చింది. మా నాయన కోసం అంత గట్టిగా ఎవరూ ఏడ్వలేదు, మా ఇళ్ళల్లో అట్లా ఏడ్వకూడదంటారు. దారిన పోయేవాళ్ళు బండిలోకి తొంగి చూస్తున్నారు. బస్టాండు వచ్చింది. నేను ఆపలేదు, ఆమె ఆపమనలేదు. బండిని అట్లాగే మెల్లగా వాళ్ళ పల్లెకు పోయే బేస్తవారిపేట రోడ్డెక్కించాను.